తలుపునకు చేరవేసిన చీపురు

ఛాయాచిత్రకళాచరిత్రను చెప్పువారు సాధారణముగా గొప్ప సన్నివేశములతో ప్రారంభింతురు. యుద్ధభూములు, పట్టాభిషేకములు, మహానగరముల రాజవీధులు, మంచుకొండలు: వీని చిత్రములే గ్రంథములలో ముందు పుటల నలంకరించును. కాని యీ కళ కన్ను తెరచిన దిక్కు అది కాదు. అది మొట్టమొదట చూచినది ఒక పెరడు. పిదప ఒక కిటికీ. ఆ పిదప ఒక చీపురు. జీవనోపాధికై కాక సరదాకై కెమెరా పట్టినవారు తమ యింటి చుట్టుపట్ల నేమి చూచిరో, ఆ చూపు వలన మనకేమి మిగిలినదో కొంత ముచ్చటింతము.

ఫ్రాన్సు దేశమున ఒక పల్లెలో నిసెఫోర్ నియెప్స్ అను గృహస్థుడుండెను. ఆయన 1826-27 ప్రాంతమున తన మేడగది కిటికీ యొద్ద చీకటిపెట్టె నొకదాని నుంచి, తారు పూసిన లోహపు పలకను దానిలో నమర్చి, గంటల తరబడి వెలుతురు సోకనిచ్చెను. ఆ పలకపై నిలిచినది పావురముల గూడు, ఒక చెట్టు, వాలుకప్పు గల కొట్టము. సూర్యుడు ఈ వైపునుండి ఆ వైపునకు సాగిపోవువరకు పెట్టె తెరచియుండుటచే రెండు దిక్కుల గోడలమీదను ఎండ కనిపించును. కెమెరాతో తీసినవానిలో నేడు మనకు మిగిలియున్న మొట్టమొదటి ఛాయాచిత్రమిదియే. అమెరికాలో టెక్సాసు విశ్వవిద్యాలయమువారు దీనిని భద్రపరచియున్నారు. నియెప్సు సౌందర్యదృష్టితో దానిని తీయలేదని యాక్షేపింపవచ్చును. నిజమే. ఆయనకు కావలసినది కదలని వస్తువు, కావలసినంత వెలుతురు. అవి రెండును పెరటిలోనే దొరకినవి. ఐనను ఆ మసక రూపములను చూచునప్పుడు, ఒక మనుష్యుడు ప్రతిదినము కిటికీ తెరచి చూచిన దృశ్యమును మనమును చూచుచున్నామను భావము మనస్సును పట్టుకొనక మానదు.

ఇంతకంటె ముఖ్యుడు ఇంగ్లండు దేశస్థుడగు విలియం హెన్రీ ఫాక్సు టాల్బటు. గణితశాస్త్రజ్ఞుడు, వృక్షశాస్త్రాభిమాని, కొంతకాలము పార్లమెంటు సభ్యుడు. ఇన్ని విద్యలు వచ్చిన యీయనకు బొమ్మ గీయుట మాత్రము చేతకాలేదు. 1833 అక్టోబరులో భార్యతోను బంధువులతోను ఇటలీలోని కోమో సరస్సు తీరమున విడిసియుండగా, వెంటనున్న స్త్రీలు ఆ కొండలను, నీటిని చక్కగా చిత్రించుచుండిరి. టాల్బటు గాజుపట్టకమును ముందుంచుకొని, దానిలో కనిపించు ప్రతిబింబము వెంబడి పెన్సిలు నడిపించెను. పట్టకము తొలగింపగా కాగితముపై వంకరగీతలే మిగిలినవి. ప్రతిబింబము తనంతట తానే కాగితమున కంటుకొనిన నెంత బాగుండునను కోరిక ఆయనకు కలిగినది అప్పుడే. చేతకానితనమునుండి పుట్టిన కళలు లోకమున అరుదు. ఇది వానిలో నొకటి.

ఇంటికి మరలిన పిదప ఆయన మామూలు వ్రాతకాగితమును ఉప్పునీట తడిపి, దానిపై సిల్వర్ నైట్రేటు పూసి, చిన్న చిన్న చెక్కపెట్టెలలో నుంచి, లేకాక్ అను ఊరిలోని తన భవనము చుట్టును అక్కడక్కడ పెట్టించెను. వానిని చూచి ఆయన భార్య ఎలుకబోనులని పరిహసించెనట. 1835 ఆగస్టులో నొక బోనులో చిక్కినది ఆ యింటి గాజుపలకల కిటికీ. అంగుళము పాటి ఆ కాగితముపై చిత్రము మొదట కుదిరినప్పుడు, సుమారు రెండువందల గాజుపలకలను భూతద్దముతో లెక్కింపగలిగితినని ఆయన తన చేతితోనే ప్రక్కన వ్రాసియుంచినాడు. ఎన్నడును ఎవ్వరును లెక్కింపని పలకలవి! ప్రతిదినము చూచు కిటికీయే, కాని అంతవరకు దానిని చూచినవా రెవరు?

తరువాత తొమ్మిదేండ్లకు, 1844 వ సంవత్సరమున, టాల్బటు ‘ది పెన్సిల్ ఆఫ్ నేచర్’ అను గ్రంథమును భాగములుగా ప్రకటింప నారంభించెను. 1846 నాటికి ఆరు భాగములు, ఇరువదినాలుగు చిత్రములు వెలువడినవి. పింగాణి సామాను, పుస్తకముల అర, లేసుగుడ్డ, నిచ్చెన చేరవేసిన గడ్డివామి మున్నగునవి వానిలో కలవు. ఆరవ చిత్రము పేరు ‘తెరచిన తలుపు’. ఒక కొట్టపు వాకిలి. సగము తెరచిన తలుపు. ద్వారబంధమునకు ఏటవాలుగా చేరవేసిన పుల్లల చీపురు. గోడకు వ్రేలాడు లాంతరు. లోపల చీకటి, ఆ చీకటి కావల వెలుగుచున్న చిన్న కిటికీ. ఇంతే. చీపురు నీడయు చీపురువలెనే ఏటవాలుగా తలుపుమీద పడియున్నది. ఈ చిత్రము అనుకొనకుండ దొరకినది కాదు. ఆయన కొన్నియేండ్లపాటు మరల మరల అదే వాకిటియొద్ద చీపురును అటునిటు జరిపి తీసినాడు. తొలిసారి తీసినదానికి ఆయన తల్లి ‘చీపురు స్వగతము’ అని పేరు పెట్టెను. కొడుకు కంటె తల్లియే రసికురాలని నాకు తోచును.

ఇందులో వింత యేమి? ఆ కాలపు చిత్రకారుడు చీపురును చిత్రించినచో, దానిని పట్టిన దాసినిగూడ చిత్రించును. ఆమె ముఖమున నొక భావము నుంచును. ఏదో కథ చెప్పును. ఇచ్చట కథ లేదు. హాలెండు చిత్రకారులు నిత్యజీవితములోని పరిచితవస్తువులను చిత్రించి దారి చూపిరనియు, సామాన్యులు చూచియు చూడక పోవుచోట చిత్రకారుని కన్ను ఆగుననియు టాల్బటు ఆ చిత్రము ప్రక్కన వివరించినాడు. కాని హాలెండు చిత్రమునందలి కుండ చిత్రకారుని చేతిలో నుండి పుట్టినది. టాల్బటు చీపురు చీపురే. మన యిండ్లలో చీపురును పదిమంది కంటబడకుండ మూల దాచుట ఆచారము. అట్టి వస్తువును వాకిట నిలిపి, ఎండను దానిపై పడనిచ్చి, చూడుడని పిలుచుట అప్పటికి సాహసమే.

ఈ సాహసము చిరకాలము నిలువలేదు. 1851 లో తడిపలక పద్ధతి వచ్చెను. చిత్రము స్ఫుటముగా వచ్చుమాట నిజమే కాని, గాజుపలక తడియారకముందే మందు పూయుట, తీయుట, కడుగుట జరిగిపోవలయును. కెమెరాతోపాటు డేరా, సీసాలు, త్రాసు, నీటితొట్టి మోయింపవలసి వచ్చెను. ఇంత శ్రమ పడినవాడు పెరటిలోని గడ్డివామిని తీయునా? దేవాలయమునో, దొరనో, పర్వతమునో తీయును. కళాభిమానులును చిత్రలేఖనముతో పోటీకి దిగి దారి తప్పిరి. హెన్రీ పీచ్ రాబిన్సను 1858 లో ఐదు నెగటివులను అతికి, మరణశయ్యపైనున్న యువతి చిత్రమును కల్పించి చాల ఖ్యాతి గడించెను. పనితనము మెచ్చదగినదే. కాని కిటికీపలకలను లెక్కించిన ఆనందము దానిలో లేదు.

ఆ బరువు దించినవారిరువురును సరదా ఛాయాచిత్రకారులే. మొదటివాడు రిచర్డ్ మాడక్సు అను ఆంగ్లవైద్యుడు. 1871 లో జెలటినుతో పొడిపలకలు చేయు విధమును లోకమునకు వెల్లడించెను. రెండవవాడు జార్జి ఈస్టుమను. అమెరికాలో రాచెస్టరు పట్టణమున బ్యాంకు గుమాస్తా. 1877 ప్రాంతమున ఏదో దీవికి విహారయాత్ర పోదలచి, ఫోటోలు తీయుటకు సామగ్రి కొనెను. ఆ మూటలను చూచునప్పటికి యాత్రపై విరక్తి కలిగెనేమో, యాత్ర మానెను. మూట తగ్గించు ఉపాయము మాత్రము మానలేదు. 1888 లో ఆతని కోడక్ కెమెరా వెలువడినది. వెల ఇరువదియైదు డాలర్లు. చుట్టయైన ఫిలిం లోపలనే యుండును. నూరు చిత్రములు తీయవచ్చును. అవి అయిపోయిన పిదప కెమెరాను పది డాలర్లతో రాచెస్టరునకు పంపినచో, వారే కడిగి, ప్రింట్లు వేసి, క్రొత్త ఫిలిం నింపి తిరిగి పంపుదురు. మీట నొక్కుటయే కొన్నవాని పని. ఆ మొదటి కోడక్ చిత్రములు గుండ్రముగా, చిన్న తట్టలవలె నుండును. చూచుటకు గురికన్ను గూడ లేదు, పెట్టెపై గీతలను బట్టి అందాజుగా త్రిప్పవలసినదే.

1900 వ సంవత్సరము ఫిబ్రవరిలో బ్రౌనీ వచ్చెను. అట్టపెట్టె, ఒక కటకము, ఒక మీట. వెల ఒక్క డాలరు. ఆరు చిత్రముల ఫిలిం పదునైదు సెంట్లు. పిల్లల కథలలోని పిల్లభూతముల పేరు దీనికి పెట్టుటలోనే అది ఎవరికై పుట్టినదో తెలియుచున్నది. మొదటి యేడే లక్షకు పైగా అమ్ముడుపోయెను. రాజులకును ధనికులకును మాత్రమే ప్రాప్తించిన స్వరూపచిత్రభాగ్యము పాలవానికిని చాకలికిని అబ్బెను. అంతకంటె పెద్ద మార్పు మరొకటి. తీయువాడు, తీయబడువాడు ఒకే యింటివారగుటచే ఎదుటివాని ముఖమున బెదురు పోయినది. వంటింటి వాకిట నిలిచి నవ్వుచున్న తల్లి, తోకయూపుటచే సగము చెరగిపోయిన కుక్క, తలలు తెగిన మేనత్తలు, చిత్రము చివర పొడుగుగా పడిన తీయువాని నీడయు: ఇవి యెల్ల ఛాయాచిత్రలోకమున ప్రవేశించినవి.

పెద్దలకిది రుచింపలేదు. ‘కోడక్ పిచ్చివారు’ అని పత్రికలు ఎగతాళి చేసినవి. కళాసంఘములవారు తమ చిత్రములకు మసక పట్టించి, బొగ్గుతో గీసినట్లు కనిపింపజేసి, మీట నొక్కువారితో తమకు సంబంధము లేదని చాటుకొనిరి. ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జువంటి ఘనుడు గూడ ఈ గుంపును చులకనగానే చూచెను. కాని ఆయనయే 1893 ఫిబ్రవరి 22 న, చేతిలో పట్టు చిన్న కెమెరాతో న్యూయార్కు వీధిలో మంచుతుపానున మూడుగంటలు నిలబడి, గుర్రపుబండి ఒకటి ఎదురువచ్చు క్షణమునకై కాచుకొనెను. ఆ చిత్రము నేటికిని మనలను చలింపజేయును. బండి, బురద, మంచు: న్యూయార్కువారు విసుగుకొను వస్తువులివి. ఆయన యభిప్రాయముల కంటె ఆయన కన్నే ఉదారమైనదని చెప్పవలెను.

బాలుడు కెమెరా పట్టిన నేమగునో చూడగోరువారు జాక్ హెన్రీ లార్టీగ్ కథ వినవలెను. పారిస్ నగర సమీపమున సంపన్నుల యింట 1894 లో పుట్టెను. కెమెరా చేతికి రాకముందే ఆతడు కన్నులు ఆర్పుచు, గిర్రున తిరుగుచు, చూచినదానిని కంటిలోనే బంధింపవలెనని ఆట ఆడుకొనెడివాడట. ఏడేండ్లు నిండిన పిదప, 1902 లో, తండ్రి ఆతనికి నిజమైన కెమెరా నిచ్చెను. 1905 లో తన బొమ్మకారులను గదిలో నేలపై బారుగా పేర్చి, కెమెరాను నేలమీదనే పెట్టి తీసెను. పెద్దవాడెవడును అంత క్రిందికి వంగడు. అందుచేత ఆ చిత్రములో బొమ్మకారులు పెద్దవై, గది మహాసభవలె కనిపించును. అదే యేడు ఇంటి మెట్లమీదినుండి దుమికిన బంధువుల పడుచు గాలిలో తేలుచుండగా పట్టెను. ఆమె గౌను, టోపీ, నవ్వు, అన్నియు నేలకంటని యా రెప్పపాటులో నున్నవి. తాను చిత్రలేఖకుడనని ఆతడు జీవితాంతము చెప్పుకొనెను. ఫోటోలను ఆల్బములలో అంటించి యింటనే యుంచుకొనెను. 1963 లో న్యూయార్కు ఆధునికకళాప్రదర్శనశాలవారు వానిని ప్రదర్శించునప్పటికి ఆతనికి అరువదితొమ్మిదేండ్లు. ఇరువదవ శతాబ్ది మేటి ఛాయాచిత్రములలో ఆ పిల్లవాని ఆటలు చేరినవి.

ఇక మన దేశపు సంగతి. 1840 నాటికే కలకత్తాలో కెమెరాల అమ్మకమునకు ప్రకటనలు వెలువడెను. 1854 లో బొంబాయిలోను, 1856 లో కలకత్తాలోను, ఆ వెనువెంటనే మద్రాసులోను ఛాయాచిత్రసంఘములు వెలసినవి. వీనిలో సభ్యులు చాలవరకు సైనికోద్యోగులు, వైద్యులు, కచ్చేరి అధికారులు. కొందరు భారతీయులును కలరు. సరదాకే తీసినవారైనను వారి కన్ను ఏలికల కన్ను. దేవాలయముల కొలతలు, శాసనముల నకళ్లు, జాతుల పట్టికలు వారికి కావలసినవి. మద్రాసు ప్రభుత్వ ఛాయాచిత్రకారుడు లిన్నేయస్ ట్రైప్ 1858 లో మన అమరావతి శిల్పములను మద్రాసు మ్యూజియమున ఫోటోలు తీసినాడు. అందుకు మనము కృతజ్ఞులమే. 1868 మొదలు 1875 వరకు ఎనిమిది సంపుటములుగా వెలువడిన ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’లో మాత్రము మనుష్యులను సీతాకోకచిలుకలవలె సూదికి గుచ్చి వరుసగా నిలిపిరి. ఆ పుటలలో మనవారి ముఖములున్నవి; మన యిండ్లు లేవు.

లాలా దీన్‌దయాళ్ కథ మరియొక తీరు. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరు రాజ్యమున మరామత్తు శాఖలో పనిచేయుచు, 1874 ప్రాంతమున తీరిక వేళల వినోదముగా కెమెరా పట్టెను. తరువాత ఉద్యోగము విడిచి, సికింద్రాబాదున స్టూడియో నెలకొల్పి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖానునకు ఆస్థానఛాయాచిత్రకారుడై ‘రాజా’ బిరుదము పొందెను. 1892 లో హైదరాబాదున ఘోషాస్త్రీల కొరకు ప్రత్యేకముగా స్టూడియో తెరచెను. అక్కడ తీయువారును స్త్రీలే. ఆయన గాజుపలకలు రెండువేలయెనిమిది వందలకు పైగా నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధి జాతీయకళాకేంద్రమున కలవు. దర్బారులు, వేటలు, మేడలు, విందుబల్లలు కన్నులపండువుగా నున్నవి. వినోదము వృత్తి యైన పిదప కన్ను పిలిచినవారి దగ్గరకే పోవును గదా! ఇందూరు ఉద్యోగిగా తీరిక వేళల ఆయన తన వాకిట నేమి చూచియుండెనో యని నేను పలుమారు ఊహించుకొందును.

ఇంటిని చూచినవాడు వేరొకడు కలడు. పంజాబు సర్దారు ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్. 1870 లో పుట్టి 1954 లో గతించెను. సంస్కృతమున, పారసీకమున పండితుడు. హంగేరీ దేశపు వనితను పెండ్లియాడెను. వారి పెద్ద కుమార్తెయే చిత్రకారిణి అమృత షేర్‌గిల్. ఆయన యించుమించు అరువదియేండ్లపాటు బుడాపెస్టులోను, పారిస్‌లోను, సిమ్లాలోను తన యింటివారినే తీసెను, తన్నుతానును తీసికొనెను. అమ్ముటకు కాదు, ప్రదర్శించుటకును కాదు. ఆయన మనుమడు వివాన్ సుందరం, తానును కళాకారుడే, వానిని వెలికి తెచ్చిన పిదపనే లోకము వాని విలువ నెరిగినది. బిడ్డ పెరుగుట, గదిలో వెలుతురు మారుట, వార్ధక్యము ముఖముపైకి వచ్చుట, ఇవన్నియు నొకే కన్ను ప్రీతితో గమనించుచు పోయినది.

మన తెలుగువారి యిండ్లలో కెమెరా యింత చనువుగా తిరుగలేదు. ఫోటో తీసిన ఆయుస్సు తరుగునను భయము పల్లెల చిరకాలముండెను. తీయించుకొన్నచో పట్నమునకు పోయి, తోట చిత్రించిన తెర ముందు, ఇంటలేని కుర్చీలో, ఊపిరి బిగబట్టి కూర్చుండుటయే. పెండ్లికి ఒకటి, షష్టిపూర్తికి ఒకటి. చాలమందికి గతించిన పిదప పటము కట్టించుటకే ఫోటో అవసరపడినది. తరువాతి కాలమున అగ్ఫా క్లిక్ త్రీ వంటి చౌక కెమెరాలు మధ్యతరగతి యిండ్లకు వచ్చినవి. ఒక చుట్టకు పండ్రెండు చిత్రములు. ఫిలిం వెల, కడిగించు ఖర్చు తలచుకొని, తిరుపతి యాత్రకు నాలుగు, పిల్లవాని పుట్టినరోజునకు నాలుగు అని పంచుకొన్నవారే యెక్కువ. వాకిట ముగ్గును, నులకమంచమును, దండెముపై ఆరవేసిన చీరను తీయుటకు ఒక ఫిలిం ముక్క ఖర్చు చేయుదునన్నవానిని ఇంటివారు పిచ్చివానిగా జమకట్టియుందురు. అది లోభము కాదు, లెక్క.

కాని ఆ ఫోటోలను నేడు తీసి చూచువారిని గమనింపుడు. ముందు వరుసలో బిగిసి నిలిచిన తాతగారిని ఒక్క క్షణము చూతురు. పిదప వ్రేలు వెనుకకు పోవును. “అదిగో, మన పాత పెంకుటిల్లు! ఆ అరుగు చూడు. ఈ మూలనున్నది కుంపటి కదూ? ఆ గంగాళము ఏమైనది?” అని ప్రశ్నలు. తీయువాడు తీయదలచినది మనుష్యులను. పొరపాటున లోపలికి వచ్చినది ఇల్లు. నేడు మన గుండెను పట్టునది ఆ పొరపాటే. పెంకుటిండ్లు పోయినవి, అరుగులు పోయినవి, కుంపట్లు పోయినవి. వాని రూపము ఏ దర్బారు చిత్రములోను దొరకదు.

నేడు ఫిలిం లెక్క తీరిపోయినది. 1975 లో కోడక్ కంపెనీలోనే స్టీవెన్ సాసన్ అను యువ ఇంజనీరు మూడున్నర కిలోలకు పైబడిన విద్యుత్ కెమెరా నొకదానిని చేసెను; ఒక్క చిత్రము నమోదగుటకు ఇరువదిమూడు సెకండ్లు పట్టినది. దాని సంతానము నేడు ప్రతివాని జేబులో టెలిఫోనుగా నున్నది. కూరగాయల తట్టలో ఎండ పడుట, వాన వెలిసిన పిదప సందులోని నీటిలో కరెంటుస్తంభము తలక్రిందుగా నిలుచుట, ఇస్త్రీబండిపై బొగ్గుల ఎఱుపు తీయువారు మన యూళ్లలోను కనిపించుచున్నారు. ప్రక్కవారు నవ్వుచున్నారు గూడ. టాల్బటు చీపురును జరుపుచున్నప్పుడును ఇంటి నౌకరులు నవ్వియుండక పోరు.

చిక్కు వేరొకచోట నున్నది. తీసినవి నిలుచునా? అమెరికాలో వివియన్ మేయరు అను దాది పిల్లలను షికారునకు తీసికొనిపోవుచు షికాగో వీధులలో లక్షకు పైగా చిత్రములు తీసెను, ఎవరికిని చూపలేదు. అద్దె చెల్లింపకపోవుటచే ఆమె పెట్టెలను 2007 లో వేలము వేసిరి. కొన్నవారు తెరచి చూచి దిగ్భ్రమ చెందిరి. 2009 లో కన్నుమూయువరకు ఆమెకు తన కీర్తి తెలియనే లేదు. ఆమె నెగటివులు పెట్టెలలో నుండబట్టి బ్రతికినవి. టెలిఫోనులోని చిత్రములు టెలిఫోనుతో పోవును. పాత ప్రింట్లకు మనవైపు చెమ్మయు, చెదలును ఉండనే యున్నవి.

కావున శ్రోతలు యింటనున్న చిత్రములలో ఓ పాతికనైన ప్రింటు వేయించి, వెనుకవైపున మెత్తని పెన్సిలుతో ఊరు, ఏడు, ఎవరి వాకిలియో వ్రాసియుంచుడు. సిరా వలదు, కొన్నాళ్లకు అది ముందువైపునకు దిగును. మనుష్యుల పేర్లతోపాటు వెనుక కనిపించు చెట్టు పేరుగూడ వ్రాయుడు.